వేలితో చెప్పే సాక్ష్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చేతిలోని ఫోను గురించే ఉన్నాయి. అన్నింటికీ జవాబివ్వడానికి పేజీలు చాలవు కనుక అయిదింటిని ఎంచుకున్నాను. రాసినవారి పేర్లు, వారి సంఘాల పేర్లు ఇవ్వడం లేదు. ఎందుకన్నది రెండో ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: నేను మా క్రైస్తవ సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శిని. మా వాట్సాప్ గ్రూపులో 180 మంది ఉన్నారు. రెండు నెలల క్రితం ఒక శనివారం రాత్రి, "పక్క జిల్లాలో వాళ్ళు మన మందిరాన్ని తగలబెడుతున్నారు, వెంటనే ప్రార్థించండి, కనీసం పది మందికి పంపండి" అంటూ ఒక వీడియో వచ్చింది. చూసి ఏడ్చాను. ఆ ఏడుపులోనే దాన్ని మా గ్రూపుకూ మరో నాలుగు గ్రూపులకూ పంపాను. మర్నాడు ఆరాధన అయ్యాక మా యవ్వనస్థులు చాలా ఆవేశపడ్డారు. మా వీధిలో ఇరవై ఏళ్ళుగా కలిసిమెలిసి ఉంటున్న ఒక హిందూ కుటుంబంతో మావాళ్ళు కొందరు మాటలు మానేశారు. సోమవారం మా అబ్బాయి ఆ వీడియోను నిదానంగా చూసి, అందులో బండ్లు రోడ్డుకు కుడి పక్కన నడుస్తున్నాయనీ, దుకాణాల బోర్డుల మీద ఉన్న లిపి మన దేశానిదే కాదనీ చూపించాడు. పాస్టరుగారిని అడిగితే, "తీసేసి ఊరుకోండమ్మా, మంచి ఉద్దేశంతోనే పంపారు కదా" అన్నారు. తీసేశాను. కానీ మనసు ఊరుకోవడం లేదు. తీసేస్తే చాలా? (ఒక సహోదరి, కోనసీమ)

జవాబు: చాలదమ్మా. మీ మనసు ఊరుకోకపోవడం మంచిదే, దాన్ని జోకొట్టకండి.

మన సంఘాల్లో సాక్ష్యం అనే మాటకు ఎంత బరువుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆదివారం ఒక సహోదరి లేచి, ఆపరేషను బాగా జరిగిందనో, కొడుక్కి ఉద్యోగం వచ్చిందనో చెబితే అందరం చెవులప్పగించి వింటాం. ఆమె తనకు జరిగినదే చెబుతోందన్న నమ్మకం మనల్ని అలా వినేలా చేస్తుంది. కోర్టులో బోనెక్కి చెప్పేదీ సాక్ష్యమే, అక్కడా చూసినది చెప్పాలి, విన్నది కాదు. ఫార్వర్డ్ చేయడం మాత్రం ఈ లెక్కలోకి రాదని మనం ఎందుకో అనుకుంటున్నాం. మీ గ్రూపులోని వారు ఆ వీడియోను నమ్మింది దాన్ని తీసినవాడిని చూసి కాదు, వాడెవడో వారికి తెలియదు. కార్యదర్శమ్మ పంపారు కదా అని నమ్మారు. ఇన్నేళ్ళ మీ మంచి పేరే ఆ అబద్ధానికి హామీ సంతకం అయింది.

"నీ పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదు" అన్న ఆజ్ఞ మనకు సండే స్కూలు నాటి నుంచి కంఠతా వచ్చు. (దాన్ని మనం తొమ్మిదోదిగా లెక్కపెడతాం, కతోలిక సహోదరులు ఎనిమిదోదిగా లెక్కపెడతారు.) నేను పలకలేదు, ఎవరో పలికినదాన్ని పంపానంతే అని ఎవరైనా అనవచ్చు. నిర్గమకాండము 23వ అధ్యాయం మొదటి వచనం ఆ సందు కూడా మూసేసింది. మన తెలుగు బైబిలులో అది "లేని వార్తను పుట్టింపకూడదు" అని ఉంది గాని, హీబ్రూ మూలంలో ఉన్న క్రియకు ఎత్తుకోవడం, మోయడం అని అర్థం. లేని వార్తను మోయవద్దు అన్నమాట. మూడు వేల ఏళ్ళ నాటి ఆ క్రియ మీ ఫోనులోని ఫార్వర్డ్ బాణానికి ఇంత అతికినట్టు సరిపోవడం చూసి, మొదటిసారి తెలిసినప్పుడు నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఇక ఆ సందేశంలోని "వాళ్ళు" అనే మాట సంగతి. ఆ మాటకు పేరు లేదు, ఊరు లేదు, అందుకే చదివినవారు తమకు దగ్గరగా ఉన్న ఎవరినో ఒకరిని అందులో కూర్చోబెట్టుకున్నారు. ఏ పాపం ఎరుగని మీ వీధి కుటుంబం మీద ఆ రాత్రి అబద్ధ సాక్ష్యం పడింది. ఇది మాటలు మానేయడంతో ఆగినందుకు దేవునికి స్తోత్రం చెల్లించండి, ఎందుకంటే అన్నిసార్లూ అక్కడితో ఆగదు. 2018 జులైలో హైదరాబాదు నుంచి కొందరు యువకులు బీదర్ జిల్లాకు వెళ్ళి, దారిలో కనబడిన బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళంటూ వారి గురించి వాట్సాప్‌లో క్షణాల్లో పాకింది. ముందున్న ఊరివాళ్ళు కారును అడ్డగించి కొట్టారు. వారిలో ఒకతను, ఇంజినీరు, అక్కడే ప్రాణాలు విడిచాడు. ఆ సందేశాన్ని పంపినవారిలో చాలామంది తమ పిల్లల మీద ప్రేమతోనే పంపి ఉంటారు. ఉద్దేశం మంచిదే. ఆ ఏడాది ఇలాంటి హత్యలు వరుసగా జరిగిన తరువాతే, మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపే వీలు లేకుండా వాట్సాప్ కట్టడి పెట్టింది. 2020లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక చోటికే పంపగలిగేలా చేసింది. సందేశం పైన జంట బాణాల గుర్తు కనబడితే అది అలాంటిదని అర్థం. అంటే మీకు దాన్ని పంపిన మనిషి ఆ కబురు ఎక్కడ పుట్టిందో ఎరగడు, అతనికి పంపిన మనిషీ ఎరగడు.

మరో నష్టం కూడా ఉంది, ఇది మనకే. 2008లో ఒడిశాలోని కంధమాల్‌లో, 2023లో మణిపూర్‌లో మందిరాలు నిజంగానే కాలిపోయాయి, మనుషులు ఇళ్ళు విడిచి అడవుల్లోకీ శిబిరాల్లోకీ పరుగెత్తారు. ఎక్కడో పరాయి దేశంలో తీసిన మంటలను మనం పక్క జిల్లా మంటలుగా చూపిస్తూ పోతే, రేపు నిజమైన బాధితుడు నోరు తెరిచినప్పుడు "వీళ్ళెప్పుడూ ఇంతే" అని లోకం అంటుంది. అప్పుడు ఆ పాపంలో మన వాటా ఎంత?

ఇప్పుడేం చేయాలంటారా? మీరు సోమవారమే తీసేశారు కనుక మీ గ్రూపుల్లో అది చెరిగిపోయి ఉంటుంది. అందరి ఫోన్ల నుంచీ తొలగించే వీలు పంపిన సుమారు రెండున్నర రోజుల వరకే ఉంటుంది. కానీ ఈలోగా మీ దగ్గరి నుంచి ఇతరులు పంపుకున్న ప్రతులను మీరు తొలగించలేరు. అందుచేత ఏయే గ్రూపులకు పంపారో ఆ అయిదింటిలోనూ ఇలా రాయండి: "ఫలానా తేదీ రాత్రి మందిరం తగలబెడుతున్నారంటూ నేను పంపిన వీడియో మన ప్రాంతానిది కాదు, మన దేశానిదే కాదు. విచారించకుండా పంపాను. తప్పు నాది, క్షమించండి. నా నుంచి తీసుకుని మీరు ఎవరికైనా పంపి ఉంటే ఈ మాట కూడా వారికి పంపండి." రెండు నెలలైందని సంకోచించకండి. పొడుగాటి వివరణ వద్దు, "ఎవరో పంపితే నేను పంపాను" అనే మాట అసలు వద్దు. ఆ తరువాత ఒక సాయంత్రం మీ వీధి కుటుంబం ఇంటికి వెళ్ళి ఈ సంగతే నోటితో చెప్పండి. ఇది వాట్సాప్‌లో చేసే పని కాదు.

ఇంకోసారి ఇలాంటిది వస్తే, ముందు ప్రార్థించండి. ప్రార్థనకు ఫార్వర్డ్ అక్కరలేదు, దేవునికి ఆ వీడియో చూపించనక్కరలేదు. తరువాత, పక్క జిల్లా అన్నారు కదా, అక్కడి సంఘంలో మీకు తెలిసిన ఒక్కరికి ఫోను చేయండి. కన్వెన్షన్లూ స్త్రీల సదస్సులూ పుణ్యమా అని మన సహోదరీలకు జిల్లాకు పది మంది తెలిసినవాళ్ళుంటారు, పత్రికలవాళ్ళ కంటే ముందు మీకే నిజం తెలుస్తుంది. మీ అబ్బాయి చేసినట్టు బోర్డులూ, బండ్ల నంబరు ప్లేట్లూ, మనుషుల బట్టలూ చూడండి. వీడియోలో ఒక దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే, అది అంతకుముందు ఎక్కడ వచ్చిందో చాలాసార్లు దొరికిపోతుంది. ఇక "పది మందికి పంపండి" అని ఉందంటే, నా మటుకు నేను అక్కడే ఆగిపోతాను. నిజం అనేదానికి అంత తొందర ఉండదు.

ప్రశ్న: మా అమ్మకు గర్భసంచి ఆపరేషను జరిగింది. చూడటానికి వచ్చిన సంఘపెద్ద ఒకరు, ఆమె మత్తులో ఉండగా, ముక్కుకు గొట్టంతో ఉన్న ఫొటో తీసి, జబ్బు పేరుతో సహా "ప్రార్థనా మనవి" అని ఫేస్‌బుక్‌లో పెట్టారు. దుబాయిలో ఉన్న మా మేనమామ, అమ్మ పనిచేసే బడిలోని టీచర్లు, చివరికి ఆమె పాఠం చెప్పే పిల్లలు కూడా చూశారు. అమ్మ ఇప్పుడు గుడికి రానంటోంది. నేను ఆ ఫొటో తీసేయమంటే ఆయన, "నూట యాభై మంది ఆమెన్ అన్నారు, ప్రార్థనను అడ్డుకుంటావా?" అన్నారు. నా కోపం తప్పా? (ఒక సహోదరుడు, హైదరాబాదు)

జవాబు: తప్పు కాదు తమ్ముడూ.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో యాయీరు ఇంట్లో జరిగినది ఆ పెద్దాయనతో కలిసి కూర్చుని చదవండి. చనిపోయిన చిన్నదాని ఇంట్లో జనం గోల చేస్తుంటే యేసు వారందరినీ బయటికి పంపేశాడు. తల్లిని, తండ్రిని, తన శిష్యుల్లో ముగ్గురిని మాత్రమే లోపలికి తీసుకువెళ్ళాడు. అమ్మాయి లేచి నడిచాక, ఈ సంగతి ఎవరికీ తెలియకూడదని గట్టిగా ఆజ్ఞాపించి, ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. అంతటి అద్భుతం చేసి కూడా ప్రచారం వద్దన్నాడు, ఆ పిల్ల ఆకలిని మాత్రం గుర్తుంచుకున్నాడు. ఆ రోజు మన చేతుల్లో ఫోన్లు ఉండి ఉంటే ఆ గది గుమ్మం దగ్గర మనలో ఎంతమంది నిలబడి ఉండేవారో ఊహించుకోవచ్చు.

మంచం మీద ఉన్నవారి జబ్బు వారి సొత్తు. దాన్ని పంచుకునే హక్కు వారిది, వారు మాట్లాడలేని స్థితిలో ఉంటే ఇంటివారిది. "మన సంఘంలో ఒక సహోదరికి ఆపరేషను జరిగింది, ప్రార్థించండి" అంటే ప్రార్థన ఏ మాత్రం తగ్గదు. ఆమె ఎవరో, ఏ మంచం మీద ఉందో దేవునికి తెలుసు. ఫొటో కింద కనబడే ఆమెన్‌లలో ఎన్ని మోకాళ్ళ మీద పలికినవో నాకు అనుమానమే. నేను కూడా ఒకప్పుడు బస్సులో కూర్చుని వరుసగా పది ఆమెన్‌లు నొక్కి, స్టాపు వచ్చేసరికి ఒక్క పేరూ గుర్తులేక సిగ్గుపడ్డాను. క్రిస్మసుకు విధవరాళ్ళకు చీరలు పంచుతూ, బియ్యం సంచి ఇస్తూ తీసే ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది. ఎడమచేతికే తెలియకూడదని ప్రభువు చెప్పిన ధర్మాన్ని మనం ఊరందరికీ ట్యాగ్ చేస్తున్నాం.

ఆయనతో మీరు ఒంటరిగా మాట్లాడండి, మత్తయి 18వ అధ్యాయంలో చెప్పిన క్రమం అదే. ఆయన పోస్టు కింద కామెంటు పెట్టకండి. వినకపోతే మరో ఇద్దరిని తీసుకువెళ్ళండి. ఫొటో తీసేశాక, ఆయనే మీ ఇంటికి వచ్చి అమ్మగారితో ఒక మాట అనేలా చూడండి. ఆమె మళ్ళీ గుడికి రావడానికి అదే దారి. ఆ తరువాత ఈ విషయమై సంఘం కొన్ని నియమాలు రాసుకోవడం మేలు. ఇందులో మనం మొదటివాళ్ళమేమీ కాము. ఇంగ్లండు సంఘం 2019లో సోషల్ మీడియా వాడకంపై మార్గదర్శకాలు ప్రకటించింది. వాటికన్ 2023 మే నెలలో ఇదే విషయంపై ఒక సుదీర్ఘ పత్రం విడుదల చేసి, మంచి సమరయుని ఉపమానాన్ని దానికి ఆధారంగా తీసుకుంది. మీ సంఘానికి అంత పెద్ద పత్రం అక్కరలేదు. అనుమతి లేకుండా రోగుల ఫొటోలు, పిల్లల ఫొటోలు, సాయం అందుకున్నవారి ఫొటోలు పెట్టకూడదని మూడు మాటలు రాసి నోటీసు బోర్డుకు అంటించినా చాలు.

ప్రశ్న: యూట్యూబ్‌లో మన విశ్వాసాన్ని ఎగతాళి చేసే వీడియోల కింద నేను రోజుకు రెండు మూడు గంటలు జవాబులు రాస్తున్నాను. అన్యుల నోళ్ళు మూయించడం విశ్వాసిగా నా బాధ్యత అనుకుంటున్నాను. మా నాన్నగారు వద్దంటున్నారు. ఆయనది పిరికితనం కాదా? (ఒక యవ్వనస్థుడు, గుంటూరు జిల్లా)

జవాబు: నాన్నగారిని అంత మాట అనకు బాబూ.

నీ పూర్తి ఉత్తరంలో "అన్యులు" అనే మాట ఏడుసార్లు వచ్చింది. బైబిలు అనువాదంలో ఆ మాట ఉండటం వేరు, నీతో కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చునేవాడిని అలా పిలవడం వేరు. వాడు చదివే చోట ఆ మాట రాశాక, దాని కింద నువ్వు ఎంత మంచి వాదన పెట్టినా వాడికి వినబడదు. నోళ్ళు మూయించడం గురించి కూడా ఒకసారి ఆలోచించు. పేతురు మొదటి పత్రికలో మన నిరీక్షణకు కారణం అడిగేవారికి "సాత్వికముతోను భయముతోను" జవాబు చెప్పమని ఉంది. అడిగినవాడికి చెప్పమన్నాడు, తిట్టినవాడిని తిట్టమనలేదు. ఏథెన్సులో వీధివీధినా విగ్రహాలు చూసి పౌలు మనసు పరితపించింది, కానీ నోరు తెరిచినప్పుడు ఆ ఊరివాళ్ళ భక్తిని గుర్తించి మొదలుపెట్టాడు, వాళ్ళ కవుల మాటలనే ఉదహరించాడు. అంటే వాళ్ళ కవులను చదివి ఉన్నాడు. నువ్వు వేమనను ఎంతవరకు చదివావు?

ఆ యంత్రం నడిచే తీరు కూడా తెలుసుకోవాలి. ఎగతాళి వీడియో కింద కామెంట్ల సంఖ్య పెరిగితే, అది జనం ఆసక్తిగా చూస్తున్నదని లెక్కగట్టి యూట్యూబ్ దాన్ని మరింతమందికి చూపించవచ్చు. నువ్వు రాసినది ఖండనా, పొగడ్తా అన్నది దానికి పెద్దగా పట్టదు. నీ మూడు గంటల కష్టం వల్ల లాభపడేది ఆ వీడియో పెట్టినవాడే. తనకు పట్టని జగడంలో తలదూర్చేవాడిని, దారిన పోయే కుక్క చెవులు పట్టుకున్నవాడితో సామెతల గ్రంథం పోల్చింది. పట్టుకుంటే కరుస్తుంది, వదిలినా కరుస్తుంది.

చట్టం సంగతి కూడా చెబుతాను. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలను నేరంగా చూసిన, సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది కనుక ఏం రాసినా ఫరవాలేదని కొందరు కుర్రవాళ్ళు అనుకుంటున్నారు. అది పొరపాటు. ఒక వర్గం మత విశ్వాసాలను ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో అవమానించడం పాత శిక్షాస్మృతిలో 295ఏ కింద నేరం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే 299వ సెక్షన్, మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. కోపంలో రాసిన రెండు పంక్తుల స్క్రీన్‌షాట్ ఎవరి ఫోనులోనైనా మిగిలిపోతుంది. నీకు ఇంకా ఉద్యోగం, పాస్‌పోర్టు అవసరం ఉన్నాయి. నీ నాన్నగారికి ఇవన్నీ తెలిసే వద్దంటున్నారేమో అడుగు.

మానేయమంటున్నానా? కాదు. వందమందిలో ఒకడు నిజంగానే అడుగుతాడు. వాడిని గుర్తుపట్టడం కష్టం కాదు, జవాబు విని మరో ప్రశ్న వేస్తాడు. వాడికి నీ నంబరు ఇచ్చి, వీలైతే ఎదురుగా కూర్చుని టీ తాగుతూ మాట్లాడు. మిగతా తొంభై తొమ్మిది మందిని వదిలెయ్.

ప్రశ్న: ఉదయం ధ్యానానికని ఫోనులో బైబిలు తెరుస్తాను. పది నిమిషాల్లో ఎలా వెళ్తానో తెలియదు, రీల్స్‌లో ఉంటాను. ప్రార్థించినా ఈ అలవాటు పోవడం లేదు. (ఇంటర్మీడియట్ విద్యార్థిని, ఖమ్మం)

జవాబు: అమ్మాయీ, ప్రార్థనతో పాటు అట్ట బైబిలు ఒకటి కొనుక్కో. ఫోనును రాత్రి పడుకునే ముందే అమ్మ గదిలో ఛార్జింగు పెట్టు, లేపడానికి బల్ల గడియారం పెట్టుకో. నీ భక్తి తక్కువై ఇలా జరుగుతోందని కుమిలిపోకు. పుస్తకానికి పేజీ చివర ఉంటుంది, అధ్యాయానికి ముగింపు ఉంటుంది. రీల్స్‌కు కావాలనే ఆ అంచు లేకుండా చేశారు, వేలు పైకి జరిగే కొద్దీ కొత్తది వస్తూనే ఉంటుంది. ఆపవలసిన చోటు లేనిదాన్ని ఆపడం పెద్దవాళ్ళకే కష్టం. వాక్యం చదివే రీల్స్ చూస్తున్నాను కదా అని కూడా సర్దిచెప్పుకోకు, ముప్పై సెకన్ల వాక్యం తరువాత వచ్చేది ఏమిటో నీకు తెలుసు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల్లో నలభై రోజులూ ఇన్‌స్టాగ్రామ్ తీసేసి చూశామని మా యవ్వనస్థుల కూడికలో కొందరు చెప్పారు. మొదటి వారం చేతులు దురద పెట్టాయట, మూడో వారానికి నిద్ర బాగా పట్టిందట. పరీక్షలు అయ్యేవరకు నువ్వూ ప్రయత్నించు.

ప్రశ్న: మా పాస్టరుగారి ఫొటో ఉన్న కొత్త నంబరు నుంచి, "మీటింగులో ఉన్నాను, ఫోను ఎత్తలేను, ఒక అనాథ బిడ్డ ఆసుపత్రిలో ఉంది, ఈ క్యూఆర్ కోడ్‌కు వెంటనే పంపండి" అని సందేశం వచ్చింది. అయిదు వేలు పంపాను. ఆయన కాదని తరువాత తెలిసింది. దేవుని పేరున ఇచ్చింది కదా అని ఊరుకోమంటున్నారు ఇంట్లో. (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నెల్లూరు)

జవాబు: ఊరుకోకండి మాస్టారూ. వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వండి, ఇది సైబరు మోసాల కోసం కేంద్రం ఏర్పాటు చేసిన నంబరు. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆ ఖాతాలోనే నిలిచిపోయే అవకాశం అంత ఎక్కువ. మీ బ్యాంకుకూ చెప్పండి, ఆ సందేశాన్ని మాత్రం చెరపకుండా ఉంచండి. మీ గ్రూపులో కూడా ఈ సంగతి రాయండి, సిగ్గుపడవలసింది మీరు కాదు, మీ తరువాత మోసపోబోయేవారు మీ మాట వల్ల ఆగుతారు. మరోసారి పాస్టరుగారి పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే, ఆయన పాత నంబరుకే ఫోను చేయండి. ఎత్తకపోతే సాయంత్రం దాకా ఆగండి, ఆయన గొంతు మీకు తెలుసు కదా.